జొన్నరొట్టె, శనగముద్ద, పోలయ్య మేస్త్రీ కాలు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చేటెడు పిండిని బండెడంటాను. నాలుగు చినుకులు పడితే కృష్ణకు వరదొచ్చిందంటాను. మా ఆవిడ నేను చెప్పిందంతా విని, మనసులోనే సగం కొట్టేసి, మిగిలినదాంట్లో మళ్ళీ కాస్త తరుగు తీసి, ఆ తరవాతే ఊఁ కొడుతుంది. మీరూ అలాగే చదువుకోండి. కానీ పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో పెంచినవి బోలెడున్నాయి. పుట్టించింది ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

పొయ్యి పొగకు కళ్ళు మసకబారడంతో ఈమధ్యనే గరిటె దించాను. వయసు యాభై దాటింది, అంతే. నన్ను ముసలాయన అన్నవాడికి మజ్జిగ కూడా పొయ్యను. నరసరావుపేటలో మా అరుగు మీద ఊరికే కూర్చుని ఉంటే, క్యాంపు వంటలకు వెళ్ళబోయే కుర్రవాళ్ళు వచ్చి, "బాబాయ్, పనిలో కిటుకులేందో చెప్పు" అని అడుగుతున్నారు. ఇది వాళ్ళ కోసం. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ దొర మెచ్చుకుని కాగితం రాసిచ్చాడు లాంటివి ఇందులో ఉండవు. అవి చదివి ఎవడూ పచ్చడి నూరలేడు.

పని అంటే ఇదీ

క్యాంపు వంటంటే ఊరికి దూరంగా, రోడ్డు వేసేచోటో రాయి తీసేచోటో, తాటాకు పందిరి కింద మూడు రాళ్ళ మీద వండటం. పల్నాటి గాలి సంగతి మీకు తెలియంది కాదు. ఎండాకాలంలో అది మన పొయ్యిలో నిప్పు ఎత్తుకెళ్ళి పక్క ఊరివాళ్ళ పొయ్యి వెలిగిస్తుంది. కారంపూడి దగ్గర నా చేతిలోంచి ఎగిరిపోయిన విస్తరాకు గురజాలలో ఎవరో కడుక్కుని భోంచేశారని విన్నాను.

రుచిగా వండితే చాలనుకుని వచ్చేవాళ్ళు మొదటి వారంలోనే పారిపోతారు. ఇంట్లో అందరిదీ ఒకే తిండి. క్యాంపులో ఎన్ని కడుపులుంటే అన్ని కట్టుబాట్లు. ఒకరు ఉల్లి ముట్టరు. ఒకరికి ఉల్లి లేకపోతే ముద్ద దిగదు. ఒకరికి శనివారం ఒంటిపూట, ఇంకొకరికి శుక్రవారం నీచు పనికిరాదు. ఒకరికి పళ్ళు లేవు, ఒకరికి ఓపిక లేదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. నేను పుట్టుకతో వంట బ్రాహ్మణ్ణి. అందరూ నా చేతి వంట తిన్నారంటే అది నా చేతి మహిమ కాదు, ఆ పుట్టుక మహిమ. నాకన్నా బాగా వండగలవాళ్ళు అదే క్యాంపులో రాయి కొడుతూ ఉండేవారు. వాళ్ళ చేతి కూడు తినడానికి పైవాళ్ళు ఒప్పుకోరు కనక గరిటె నా చేతికొచ్చింది. ఈ మాట చెప్పకుండా నా గొప్పలు రాసుకుంటే అది పెంచడం కూడా కాదు, దొంగతనం.

అచ్చమ్మగారి ప్రశ్న

నేను పని నేర్చింది నరసరావుపేట కోర్టు దగ్గర పూటకూళ్ళిల్లు నడిపిన అచ్చమ్మగారి దగ్గర. ఆవిడ గొంతెత్తితే కోర్టులో వాయిదా వేసేవారు. వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, "నాయనా, నీకేం పడదు?" అని అడిగేది. ఏం కావాలి అని మాత్రం ఎప్పుడూ అడగదు.

"ఏం కావాలని అడగొచ్చుగా అమ్మగారూ" అన్నాను ఒకసారి.

"అడిగితే నెయ్యి కావాలంటాడు. నువ్వు తెస్తావా?" అంది.

ఒకరోజు ఆవిడకు జ్వరమొచ్చి నన్ను వడ్డించమంది. ఈపూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. చేను గట్టు తగాదాలో ఆ మధ్యాహ్నమే సాక్ష్యం చెప్పాలి. నేను ఏమీ అడక్కుండా వంకాయ కూర దండిగా వడ్డించాను. అతనూ దండిగా తిన్నాడు. బోనెక్కేసరికి ఒళ్ళంతా దురద. వంకాయ అతనికి పడదు. ప్రమాణం చేస్తూ గోకాడు, గట్టు కొలతలు చెబుతూ గోకాడు, గట్టు మీది చెట్టు పేరు చెబుతూ ఆ చెట్టు ఎక్కుతున్నట్టు గోకాడు. అవతలి ప్లీడరు, "అబద్ధం చెప్పేవాడు నిలకడగా నిలబడలేడని తమరికి తెలియంది కాదు" అన్నాడట జడ్జిగారితో. రైతు దావా పోయింది. దురద ఒక్కటే కారణమని నేననను, కానీ అచ్చమ్మగారు అంది. మంచం మీద నుంచే అంది, వీధి చివరికి వినపడేలా అంది.

ఆ తరవాత నేను ఆ ప్రశ్న అడగని మనిషి లేడు. ఒక్క మనిషి విషయంలో మాత్రం అది అడిగి, అసలు అడగాల్సింది మరిచిపోయాను. ఆ సంగతే రాయబోతున్నాను.

మాచర్ల క్వారీ

యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం. మాచర్ల దాటాక ఒక కొండ పక్కన రాతి క్వారీలో నాకు వంట పని. యుద్ధం ఆగినా రేషను ఆగలేదు. బియ్యం ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చినా వాటిలో బియ్యమెంతో రాయెంతో తేలదు. రాయి తీసే చోటికి రాయి మోసుకురావడమెందుకని నేను అడిగేవాణ్ణి.

మనుషుల్ని చెబుతాను. పెద్ద ఓవర్సీరు శాస్త్రిగారు. ఉల్లి వెల్లుల్లి ఆయనకు నిషిద్ధం. ఆయన ముక్కు ఎలాంటిదంటే, వినుకొండలో ఎవరైనా వెల్లుల్లి పాయ విడదీస్తే మాచర్లలో ఈయన తుమ్మేవారు. లారీ డ్రైవరు మస్తాను. పెట్రోలు దొరక్క ఆ లారీకి వెనక బొగ్గు పొయ్యి తగిలించారు. అది కదిలితే లేచే పొగకు ఊళ్ళో కోళ్ళు సాయంత్రమైందనుకుని మధ్యాహ్నమే గూళ్ళకెక్కేవి. మస్తాను కడుపులో పుండు, కారం తగలకూడదు. ఇన్నయ్య అని ఒక కుర్రవాడు పట్టాళంలో చేరి సముద్రాలు దాటి వెళ్ళొచ్చి, వచ్చాక మళ్ళీ రాయే కొడుతున్నాడు. అతనూ, కూలీల్లో సగంమందీ కతోలిక్కులు. ఈస్టరు ముందు తపస్సుకాలం కావడంతో వాళ్ళు మాంసం మానేశారు. కొందరు నెయ్యి, మజ్జిగ కూడా ముట్టడం లేదు.

ఇక పోలయ్య మేస్త్రీ. రాయి తీయడమంటే బలం కాదు. రాతికి లోపల ఒక వాటం ఉంటుంది. అది పట్టుకుని కొడితే పలకలు పలకలుగా విడుతుంది, లేకపోతే పిండి అవుతుంది. ఆ క్వారీలో వాటం చూడగలిగింది పోలయ్య ఒక్కడే. ఆయన బండ మీద చెవి ఆనించి సుత్తితో తడితే లోపలి నుంచి రాయి బదులు చెప్పేది. మీసాలు రెండు చెవుల వెనక్కి తోసుకుని పనిచేసేవాడు. నోట్లో మాత్రం ఒక్క పన్ను లేదు.

ఆ ఎండాకాలం రాతిముక్క ఎగిరి ఆయన పాదం మీద పడింది. చిన్న గాయం. మానలేదు. మాచర్లలో డాక్టరుగారు చూసి, ఒంట్లో చక్కెర జబ్బు ఉందన్నారు. అన్నం, బెల్లం పూర్తిగా మానేసి జొన్న తినాలి. లేకపోతే పుండు పైకి పాకుతుంది, అప్పుడు గుంటూరు తీసుకెళ్ళి కాలు తీసేయాల్సిందే. ఆయన భార్య లచ్చమ్మ ఈ మాట నాకు చెప్పి, "నీ చేతిలో ఉందయ్యోరా" అంది.

నాకు పెద్ద పనిగా అనిపించలేదు. అన్నం పడదన్నారు, జొన్నరొట్టె పెడదాం. అంతేగా.

రొట్టె ఎవరి ఆకులో పడింది

ఆ క్వారీలో ఒక ఆచారం ఉంది. కూలీలకు జొన్నరొట్టె, జొన్నసంకటి. మేస్త్రీలకు, ఆపైవాళ్ళకు వరి అన్నం. ఒక కూలీ మేస్త్రీ అయిన రోజున కంట్రాక్టరు స్వయంగా అతని ఆకులో తెల్లన్నం వడ్డిస్తాడు. కండువా కప్పడం, కాగితమివ్వడం లాంటివి లేవు. ఆకులో అన్నం పడితే మేస్త్రీ. పోలయ్యకు అలా పడి చాలా ఏళ్ళయింది. ఆ రోజు నుంచి ఆయన జొన్న ముట్టలేదు. రేషను బియ్యం రాని రోజుల్లో పస్తైనా ఉన్నాడు గానీ కూలీల గిన్నెలోది అడగలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, మధ్యాహ్నం అందరూ చూస్తుండగా మేస్త్రీల చాప మీద ఆయన ఆకులో జొన్నరొట్టె వేశాను.

ఆయన రొట్టెను చూశాడు. పక్కాకులో అన్నం చూశాడు.

"ఇది ఎవరాకు అయ్యోరా?"

"నీదే మేస్త్రీ. డాక్టరుగారు..."

"కాదు. నా ఆకు ఇట్టా ఉండదు."

లేచి వెళ్ళిపోయాడు. ఆ కుంటికాలితో వెళ్ళినా కొండ అదిరింది. కూలీల్లో గుసగుస మొదలైంది. "మేస్త్రీని దించేశారంట్రా." "ఎవరు చెప్పారు?" "చెప్పేదేంది, ఆకులో కనపడ్లా?" మర్నాడు ఆయన సమ్మెట ఎత్తమంటే ఒక కుర్రవాడు, "నువ్వా చెప్పేది, కొత్త మేస్త్రీయా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. అది ఇంకా ఘోరం.

అంతే, పోలయ్య గుడిసెలో పడుకున్నాడు. క్యాంపు కూడు ముట్టనన్నాడు. మస్తాను లారీలో ఎవరిచేతో బియ్యం, బెల్లం తెప్పించుకుని గుడిసెలోనే వండించుకు తింటున్నాడని రెండు రోజులాగి తెలిసింది. లచ్చమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి కొంగు నడుముకు బిగించి వచ్చింది.

"ఏమయ్యోరా, రొట్టె పెట్టమంటే పరువు తీసి పెట్టావు. కాలు నల్లగా తిరుగుతంది. నేను పొయ్యి ఆర్పేస్తే పచ్చి బియ్యం బుక్కుతన్నాడు. పళ్ళు లేకపోయినా బుక్కుతన్నాడు. ఆ కాలు పోతే ఆయన కొండెక్కలేడు. కొండెక్కకపోతే ఆయన బతకడు. తినిపిస్తావో, గుంటూరు తోలుకపోతావో నువ్వే చూడు."

"నేనేం చేసేది లచ్చమ్మా, ఆయనకు జొన్న పడదంటే?"

"జొన్న పడక కాదు. ఒక్కడే తినేది పడదు" అంది.

అచ్చమ్మగారి ప్రశ్నకు జవాబు పేగుల్లోనే వెతకకూడదని నాకు అప్పుడు తెలిసింది.

అందరూ రొట్టే తింటే?

ఆయన ఆకులో రొట్టె ఉండాలంటే అందరి ఆకుల్లోనూ రొట్టె ఉండాలి. ముఖ్యంగా ఓవర్సీరుగారి ఆకులో. ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏమోయ్ సుబ్బయ్యా, నేను జొన్నరొట్టె నమలాలా? నా పళ్ళు చూశావా?"

"పళ్ళులేని మేస్త్రీ కోసం మెత్తగా చేస్తున్నానండీ. మీ పళ్ళకు పనే ఉండదు."

"అసలు నేనెందుకు తినాలి?"

"మీ ఆకులో అన్నముంటే ఆయన ఆకులో రొట్టె చిన్నబోతుందండీ."

"నా ఆకులో రొట్టె ఉంటే నేను చిన్నబోనూ?"

"మీరు చిన్నబోతే రాయి ఆగదండీ. ఆయన చిన్నబోతే ఆగింది."

అది నిజం. పోలయ్య పడుకున్నప్పటి నుంచి క్వారీలో ఒక్క పలక సరిగా విడలేదు. కంకర మాత్రం మూడు జిల్లాలకు సరిపడా తయారైంది. శాస్త్రిగారు కొండకేసి చూశారు, ఎండకేసి చూశారు, ఇంకో ఎండాకాలం ఇక్కడే గడపడాన్ని ఊహించుకున్నారు.

"వెల్లుల్లి తగిలిందంటే మాత్రం ఊరుకోను" అన్నారు.

సరే, రొట్టె కుదిరింది. దాంట్లోకి ఏమిటి? కూర చేద్దామంటే ఆ ఎండలో కూరగాయలు లేవు. గోంగూర పచ్చడి మస్తాను కడుపుకు నిప్పు. పెరుగు తపస్సుకాలంవాళ్ళు తినరు. కొబ్బరి మనకెక్కడిది. పల్నాట్లో రేగడి చేలు దండిగా ఇచ్చేవి జొన్నలూ శనగలూ మిరపకాయలే. అందుకని వేయించిన శనగపప్పుతో ఎప్పుడూ నూరే పచ్చడి నూరాను. పలుకులు పలుకులుగా వచ్చింది. రోలు దగ్గర నిలబడి అది పళ్ళులేని నోట్లో ఎలా ఉంటుందా అని పెదాలు లోపలికి మడిచి రుచి చూస్తున్నాను.

"ఏంది అయ్యగారూ, అట్టా మొహం పెట్టారు?" అన్నాడు ఇన్నయ్య. మంచినీళ్ళకొచ్చి పందిరి బయట నిలబడ్డాడు. నేను లోపలికి రమ్మనలేదు. అలా రమ్మనేంత మొనగాణ్ణి కాను. సంగతి చెప్పాను.

"వేయించకండి. శనగలే నానేసి ఉడకబెట్టండి. ఏసుప్రభువు తిరిగిన దేశంలో మా పట్టాళం చానాకాలం ఉంది. అక్కడ కొట్టువాడు ఉడికిన శనగలు నూరి, నువ్వుల ముద్ద కలిపి, పులుపు పిండి, పళ్ళెంలో అలికినట్టు పరుస్తాడు. మధ్యలో గుంట చేసి నూనె పోస్తాడు. రొట్టె తుంపి ముంచుకోవడమే. ముసలోళ్ళు, పసిపిల్లలు, అందరూ అదే తింటారు. హుమ్మసో ఏందో అంటారు."

పక్కనే ఉన్న కూలీ ఒకతను నోరు తెరిచాడు. "ఒరేయ్ ఇన్నయ్యా, ప్రభువు కూడా అదే తిన్నాడంటావా?"

"నేను చూళ్ళేదురా. నేను పొయ్యేసరికి కొంచెం ఆలీసమైంది" అన్నాడు ఇన్నయ్య.

శనగముద్ద

ఎలా చేశానో రాస్తాను, ఎందుకంటే పనికొచ్చేది ఇదొక్కటే.

నల్ల శనగలు రాత్రంతా నానబెట్టి, వేలితో నొక్కితే వెన్నలా అయ్యేదాకా ఉడికించాను. చల్లారాక నీళ్ళలో రుద్ది పొట్టు తేల్చేశాను. నువ్వులు రంగు మారకుండా వేయించి నూనె తేలేవరకు నూరాను. రెండూ కలిపి, ఉప్పు, నిమ్మరసం వేసి, శనగలుడికిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ రుబ్బాను. ఎంత రుబ్బానంటే రుబ్బురోలు అరిగి సన్నికల్లయింది. అందులో ఇంకేమీ వేయలేదు. వెల్లుల్లి లేదు, కారం లేదు, బెల్లం లేదు, నెయ్యి లేదు.

అసలు కిటుకంతా ఆ లేకపోవడంలోనే ఉంది. కుర్రవాళ్ళు ఇక్కడ తప్పు చేస్తారు. అందరికీ నచ్చాలని అందరికీ ఇష్టమైనవీ ఒకే గిన్నెలో గుమ్మరిస్తారు. అలా చేస్తే అది ఎవరికీ పడదు. ముందు ఎవరికేది పడదో అది తీసెయ్యాలి. మిగిలిన చప్పిడిది అందరిదీ. ఆ పైన ఎవరిది వాళ్ళకు విడిగా వెయ్యాలి. శాస్త్రిగారికి నేతిలో ఇంగువ, జీలకర్ర పోపు. తపస్సుకాలంవాళ్ళకు నువ్వులనూనె, దంచిన వెల్లుల్లి కారం, పచ్చి ఉల్లిపాయ. మస్తానుకు ఏమీ వద్దు, మజ్జిగతో పలచన చేస్తే చాలు. మేస్త్రీకి ఇంకా మెత్తగా, కాస్త కారంతో. ఏ పోపు గరిటె ఆ గిన్నెలోనే. వెల్లుల్లి గరిటె పొరపాటున ఇంగువ గిన్నెలో పడిందో, క్యాంపు అక్కడితో సరి.

దీన్ని నేనేదో అమృతమని చెప్పడం లేదు. మా క్వారీ గుమాస్తాకు శనగ పడలేదు. పొట్ట ఉబ్బి, గాలికి ఎగిరిపోతాడేమోనని కుర్చీకి కట్టేశాం. అతనికి వాము నూరి కలిపి, కొంచెమే పెట్టేవాణ్ణి. అందరికీ పడే వంట ఉందని ఎవరైనా చెబితే వాళ్ళు నాకన్నా పెద్ద అబద్ధాలకోరులని తెలుసుకోండి.

రొట్టె కూడా చెప్పాలి. జొన్నరొట్టె చల్లారితే కాలిచెప్పు అట్టే. పిండిని మరిగే నీళ్ళతో కలిపి, వెంటనే పిసికి, పలచగా తట్టి, పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడిచి, కాలగానే గుడ్డలో చుట్టాలి. వేడిగా ఉన్నప్పుడు పళ్ళులేనివాడు కూడా తినగలడు. కనక అక్కడ వండి ఇక్కడ పెట్టడం కుదరదు. మనిషి కూర్చున్నాకే పెనం మీద వెయ్యాలి. నావి బండిచక్రాలంత ఉండేవి.

ఆ మధ్యాహ్నం

కులం చూడకుండా అందరూ ఒకే చాప మీద తినే చాపకూడు పుట్టిన నేల మాదని పల్నాటివాళ్ళం గొప్పగా చెప్పుకుంటాం. మా క్యాంపులో చాపలు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఓవర్సీరుగారు పందిరి లోపల, మేస్త్రీలు పందిరి అంచున, కూలీలు బయట తుమ్మచెట్ల నీడలో. నేనేదో ఆ చాపలన్నీ కలిపేశానని రాస్తే బావుంటుంది గానీ, కలపలేదు. అన్ని ఆకుల్లోనూ ఒకటే వడ్డించాను, అంతే.

మొదటి రొట్టె శాస్త్రిగారికి. పందిరికి ఎదురు గోడలాంటి తడిక తీసేయించాను, అందరికీ కనపడాలని. క్యాంపు మొత్తం రొట్టె పట్టుకుని ఆయన నోటికేసి చూస్తోంది. ఆయన తుంపారు. ముంచారు. వాసన చూశారు. ఆ ముక్కు ముద్ద చుట్టూ ప్రదక్షిణం చేసింది. తిన్నారు.

"ఎక్కడ నేర్చావోయ్ ఇది?"

"ఏసుప్రభువు ఊరి నుంచి వచ్చిందండీ."

"పరాచికాలాడకు. ఇంకొకటి వెయ్యి."

బయట చెట్టు కింద ఇన్నయ్య తల దించుకుని నవ్వుకున్నాడు. మస్తాను మజ్జిగ ముద్ద నాకి, "పంతులూ, ఇన్నాళ్ళకు నా కడుపులో బండి ఆగింది" అన్నాడు.

పోలయ్య రాలేదు. లచ్చమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. లారీకి ఆనుకుని నిలబడ్డాడు. కాలికి గుడ్డ చుట్టి ఉంది. మొహం పీక్కుపోయింది.

"ఏందే అది? అందరూ అదేందో తింటన్నారు" అన్నాడు.

"రొట్టె. ఓవర్సీరు కూడా రొట్టే తింటన్నాడు, చూడు."

"ఆయనకేం జబ్బు?"

"పోయి అడుగు."

అడగలేదు. మేస్త్రీల చాప మీద అటూ ఇటూ జరిగి ఆయన చోటు ఖాళీ ఉంచారు. ఎవరూ రమ్మనలేదు. రమ్మంటే వెళ్ళిపోతాడని వాళ్ళకూ తెలుసు. చివరికి వచ్చి, కాలు చాపుకుని కూర్చున్నాడు. నేను పిండి తట్టి పెనం మీద వేశాను. ఆయనకేసి చూస్తూ తట్టానేమో, ఆ రొట్టె ఒక్కటి వంకరగా వచ్చింది. ఆ వంకర రొట్టే ఆకులో వేసి, పక్కన శనగముద్ద పెట్టి, నూనె పోశాను.

తుంపాడు. ముంచాడు. నోట్లో పెట్టుకున్నాడు. చిగుళ్ళతో మెల్లగా నమిలాడు. ఎదురుగా సమ్మెట కుర్రవాడు రొట్టె తినడం మానేసి చూస్తున్నాడు.

"బాగుందయ్యోరా" అన్నాడు పోలయ్య. "చానా బాగుంది. ఇంకొకటెయ్యి."

తరవాత

కాలు మానేదాకా ఆ క్యాంపులో అన్నం వండలేదు. మధ్యలో రేషను బియ్యం వచ్చాయి. బస్తా మూలన కూర్చుంది. శాస్త్రిగారు రోజూ దాని పక్కనుంచి బంధువును పలకరించినట్టు చూసి వెళ్ళేవారు, కానీ మాట తప్పలేదు. పెద్దమనుషులని నేను చాలామందికి వంట చేశాను. ఆయన్ని మాత్రం పెద్దమనిషి అంటాను. ఎవరి కోసమో నోరు కట్టుకోవడం చిన్న సంగతి కాదు. అందులోనూ ఆ నోరు.

పోలయ్యకు చిటికెనవేలు పోయింది. కాలు నిలిచింది. డాక్టరుగారి మందూ లచ్చమ్మ కాపలా కలిసి నిలబెట్టాయి. నా ముద్ద తోడు నడిచింది, అంతే. మళ్ళీ కొండెక్కి బండ మీద చెవి ఆనించాడు. సమ్మెట కుర్రవాణ్ణి బూతులు తిట్టాడు. వాడికి ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు మాట ప్రకారం చెప్పాలి. గాలి, పొగ, ముక్కు, రోలు, రొట్టె సైజు, ఇవన్నీ పెంచాను. కానీ గాలి వీచింది, పొగ లేచింది, శాస్త్రిగారి ముక్కు నిజంగానే గట్టిది. గుమాస్తాను కుర్చీకి కట్టలేదు, పొట్ట మాత్రం ఉబ్బింది. ఇన్నయ్య చెప్పింది చెప్పినట్టే రాశాను.

నేను పుట్టించింది పోలయ్య అన్న ఆ ఒక్క మాట. బాగుంది అనలేదు. ఇంకొకటెయ్యమనీ అనలేదు. ఆ రోజూ అనలేదు, తరవాతెప్పుడూ అనలేదు. ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్ళూ, ఆ మాట మీకూ ఎవరూ అనరు. ఎవరూ అనకపోతే చివరికి నాలాగే రాసుకోవాల్సి వస్తుంది.

ఆయన ఆ వంకర రొట్టె తిన్నాడు. ఆకులో మిగిలిన ముద్దను వేలితో తుడిచి తిన్నాడు. లచ్చమ్మ భుజం పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. అది పెంచలేదు.